మంచులో యుద్ధం: మీ ప్రశ్నలు, ఓ పాత సిపాయి జవాబులు

పోయిన నెల ఈ పేజీలో ఫ్రాస్ట్‌బైట్, అంటే చలికి ఒళ్ళు గడ్డకట్టి పాడవడం గురించి నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలు సంచి నిండా ఉన్నాయి. నేను చరిత్ర చదువుకున్నవాణ్ని కాను. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేరి హవల్దారుగా రిటైరయ్యాను. సియాచిన్ గ్లేసియర్ మీద రెండుసార్లు డ్యూటీ చేశాను. మొదటిసారి వెళ్ళేనాటికి అక్కడ పాకిస్తాన్‌తో కాల్పుల విరమణ లేదు, అది 2003 నవంబరులో వచ్చింది. కిందికి దిగినప్పటి నుంచి, చలిలో జరిగిన యుద్ధాల గురించి ఏది దొరికినా చదవడం ఒక జబ్బులా పట్టుకుంది. ఏ పుస్తకం తెరిచినా ముందు సాక్సుల సంగతి ఎక్కడ రాశారా అని వెతుకుతాను. ఎందుకో మొదటి జవాబులోనే మీకు తెలుస్తుంది.

ప్రశ్న: గడ్డకట్టే చలిలో జరిగే యుద్ధంలో తూటాల కంటే చలే ఎక్కువ దెబ్బ తీస్తుందంటారు. నిజమేనా? మామూలు సిపాయి అసలు ఏం చేసి బతికి బయటపడతాడు? (ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: బాబూ, చాలాచోట్ల నిజమే. సియాచిన్‌లో అయితే రెండు దేశాలకూ కాల్పుల్లో పోయినవాళ్ళకంటే చలికీ, ఎత్తుకీ, మంచు విరిగిపడీ పోయినవాళ్ళే ఎక్కువ. అయితే ‘చలి’ అనగానే అందరూ మంచులో కొయ్యబారిపోయిన మనిషిని ఊహించుకుంటారు. అలా పోవడం ఆఖరి ఘట్టం. కథ మొదలయ్యేది కాళ్ళ దగ్గర. కాలు పాడైనవాడు నడవలేడు. నడవలేనివాణ్ని మోయడానికి నలుగురు కావాలి. మోస్తున్నంతసేపు ఆ నలుగురి చేతుల్లో తుపాకీ ఉండదు. ఒక జత తడి సాక్సులు ఐదుగుర్ని యుద్ధంలోంచి తప్పిస్తాయి.

దీనికి మైనస్ నలభై కూడా అక్కర్లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్, బెల్జియం కందకాల్లో చాలా రోజులు నీళ్ళు గడ్డకట్టనే లేదు. మోకాలి లోతు బురదనీళ్ళు, అంతే. అందులో రోజుల తరబడి నిలబడితే కాలిలోని సన్న రక్తనాళాలు ముడుచుకుపోతాయి. ఉన్న వేడి గుండెకీ మెదడుకీ చాలాలి కదా, ఒళ్ళు కాళ్ళను వదిలేసుకుంటుంది. ముందు తిమ్మిరి, తర్వాత వాపు. బూటు విప్పితే మళ్ళీ ఎక్కదు. ముదిరితే కాలు నల్లబడి కుళ్ళుతుంది. దానికి ట్రెంచ్ ఫుట్ అని పేరు పెట్టారు. 1914-15 చలికాలంలో ఒక్క బ్రిటిష్ సైన్యంలోనే 20,000 మందికి పైగా దాని బారిన పడ్డారు. మన సిపాయిలూ అక్కడే ఉన్నారు. 1914లో మార్సేల్స్ రేవులో దిగిన ఇండియన్ కోర్ నూలు ఖాకీలతోనే ఆ బురద వైపు కదిలింది. ఉన్ని కోట్లు నింపాదిగా అందాయి.

చివరికి దానికి మందు ఏం కనిపెట్టారనుకున్నారు? పొడి సాక్సులు, పాదాలకు రాసుకోవడానికి తిమింగలం నూనె, ఇంకొకటి. ఇద్దరేసి సిపాయిల్ని జత కట్టి, ఒకరి కాళ్ళకి ఇంకొకరిని జవాబుదారీ చేశారు. రోజూ బూట్లు విప్పించి, ఒకరి పాదాలు ఒకరు తుడిచి, రుద్ది, వేళ్ళ మధ్య చూడాలి. కేసులు బాగా తగ్గాయి. నా దృష్టిలో ఆ యుద్ధం మొత్తంలో కనిపెట్టిన గొప్ప ఆయుధం అదే. ట్యాంకుల గురించి రాసినంతగా దాని గురించి ఎవరూ రాయరు.

రాయకపోతే ఏమవుతుందంటే, మరిచిపోతారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 డిసెంబరు 16న జర్మన్లు బెల్జియం వైపు ఆర్డెన్స్ అడవుల్లో విరుచుకుపడేసరికి అమెరికన్ సిపాయిల్లో చాలామందికి చలికాలపు బూట్లు లేవు. బాస్టోన్ ఊరిని కాపాడటానికి హడావిడిగా లారీలెక్కించి పంపిన 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌లో కొందరికి చలికోట్లు కూడా లేవు. గడ్డకట్టిన నేలలో గుంటలు తవ్వుకుని, గోనెపట్టాలు కాళ్ళకి చుట్టుకుని కూర్చున్నారు. మంచులో కనబడకుండా ఉండటానికి ఊళ్ళోవాళ్ళు తమ పక్కల మీది తెల్ల దుప్పట్లు తీసి ఇచ్చారు. పశ్చిమ ఐరోపాలో ఆ చలికాలం 40,000 మందికి పైగా అమెరికన్లు చలికి కాళ్ళు పాడై ఆస్పత్రుల పాలయ్యారు. వాళ్ళలో బాగా నెట్టుకొచ్చినవాళ్ళు చేసిన పని ఒకటే. రెండో జత సాక్సుల్ని చొక్కా లోపల ఒంటికి ఆనించి ఆరబెట్టుకునేవాళ్ళు. కాళ్ళకి ఒక జత, పొట్ట మీద ఒక జత, రోజూ మార్పిడి.

బూటు సైజు సంగతి కూడా చెప్పాలి. 1941 డిసెంబరులో మాస్కో ముందు నిలబడిపోయిన జర్మన్ సిపాయి బూటు కాలికి సరిగ్గా సరిపోయేది, అడుగున ఇనప మేకులు. లోపల ఇంకో సాక్సుకి చోటు లేదు, మేకుల గుండా చలి పైకి. ఎదురుగా ఉన్న రష్యన్‌ది ఒకటి రెండు సైజులు పెద్ద బూటు, లోపల గడ్డో, పాత పేపరో కుక్కుకునేవాడు. లేదంటే ఉన్నిని అదిమి చేసిన వాలెంకీ బూట్లు. కాలికి సాక్సు బదులు చదరపు గుడ్డముక్క చుట్టుకునేవాడు. ఒక వైపు తడిస్తే తిప్పి రెండో వైపు చుట్టుకోవచ్చు! ఆ గుడ్డముక్క ఎంత పనికొచ్చిందంటే, రష్యా సైన్యం దాన్ని మొన్నమొన్న 2013 దాకా వదల్లేదు. ఇక ఆ చలికాలం నెగ్గుకొచ్చిన జర్మన్లకి ఇచ్చిన పతకానికి వాళ్ళ సిపాయిలే ‘గడ్డకట్టిన మాంసం పతకం’ అని పేరు పెట్టుకున్నారు. ఏ దేశమైనా సిపాయి నోటికి తాళం వేయలేరు.

చెమట ఇంకో శత్రువు. 1950లో కొరియాలో చోసిన్ జలాశయం దగ్గర అమెరికన్ మెరీన్లకి రబ్బరు అడుగున్న బూట్లు ఇచ్చారు. నీళ్ళు లోపలికి రావు, మంచిదే. చెమట బయటికీ పోదు. గుట్టలెక్కుతున్నంతసేపు కాళ్ళు వేడిగా చెమటతో నానేవి. ఆగి కాపలాకి కూర్చోగానే ఆ చెమటే లోపల మంచు పలక అయ్యేది. అందుకే మాకు గ్లేసియర్ మీద మొదట నేర్పింది నెమ్మదిగా నడవడం. ఎక్కబోయే ముందే ఒక పొర విప్పాలి, ఆగబోయే ముందే తొడుక్కోవాలి. ‘చలేస్తోందని తొడుక్కునేవాడు అప్పటికే లేటు’ అని మా ఉస్తాద్ గొణుగుతూ ఉండేవాడు.

ఇంతా తెలిసిన నేనేం చేశానో విను. రెండో డ్యూటీలో, ఇరవై రోజుల తుపాను. హెలికాప్టరు రాదు. ఒక కుర్రాడికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. వాణ్ని హాపో బ్యాగులో, అంటే గాలి నింపే సంచిలో పడుకోబెట్టి, కాలితో పంపు తొక్కుతూ రెండు రాత్రులు గడిపాను. నా బడ్డీ, అంటే నాతో జత కట్టిన సిపాయి, రెండుసార్లు అడిగాడు, ‘సాక్సులు మార్చావా?’ అని. మార్చానని చెప్పాను. అబద్ధం. వాడు మూడోసారి అడగలేదు, వంగి నా బూటు లేసు విప్పేశాడు. ఎడమ కాలి చిటికెనవేలు కొవ్వొత్తిలా తెల్లగా ఉంది. గోటితో నొక్కితే నాకు తెలియలేదు. ఆ వేలి చివర ఇప్పుడు లేదు. మిగతా నాలుగూ ఉన్నాయంటే వాడు నా మాట నమ్మకపోబట్టే. సంచిలో ఉన్న కుర్రాడు బతికాడు, పోయినేడు కూతురి పెళ్ళికి పిలిచాడు కూడా.

ప్రశ్న: 1812లో రష్యా చలికి నెపోలియన్ సైనికుల కోటు బొత్తాలు పొడి పొడి అయి రాలిపోయాయని, అందుకే ఓడారని విన్నాను.

జవాబు: చెప్పడానికి బాగుంటుంది. తగరం 13 డిగ్రీల కిందికి చల్లబడితే బూడిదరంగు పొడిగా మారే గుణం దానికి ఉన్నమాట నిజం. కానీ ఆ మార్పు చాలా నెమ్మదిగా జరుగుతుంది, లోహంలో కాస్త కల్తీ ఉంటే ఇంకా ఆలస్యం. పైగా అందరి బొత్తాలూ తగరానివి కావు. ఆ సైన్యాన్ని తిన్నది ఆకలి, పేల వల్ల వచ్చే టైఫస్ జ్వరం, చచ్చిన గుర్రాలు, మంచు మీద పట్టు దొరకని నాడాలు. బొత్తాల మీద నెపం పెట్టడం తిండి అందించలేకపోయినవాళ్ళకి సుఖం.

ప్రశ్న: చలికి చెయ్యి కొయ్యబారితే మంచుతో గట్టిగా రుద్దాలని ఎక్కడో చదివాను. మీరు వద్దన్నారు. ఎవరి మాట నమ్మాలి? (రిటైర్డు తెలుగు పండితుడు)

జవాబు: మాస్టారూ, మీరు చదివింది చాలా పెద్ద డాక్టరు మాట. నెపోలియన్ సైన్యంలో లారీ అనే సర్జన్ ఉండేవాడు, గొప్పవాడు. యుద్ధభూమి నుంచి గాయపడ్డవాళ్ళని వెంటనే తరలించే ‘ఎగిరే అంబులెన్సు’ బళ్ళు ఆయన తెచ్చినవే. చలికి బిగిసిపోయిన కాళ్ళతో సిపాయిలు రాత్రి మంటల దగ్గర చేరడం, తెల్లారేసరికి కాళ్ళు నల్లబడటం ఆయన కళ్ళారా చూశాడు. వేడే చంపుతోందని తేల్చుకుని, మంచుతోనే మెల్లగా రుద్దమన్నాడు. ఆ మాట దాదాపు నూటయాభై ఏళ్ళు వైద్య పుస్తకాల్లో నిలిచింది.

ఆయన చూసింది నిజం, తేల్చింది తప్పు. మంట దగ్గర జరిగేది ఏమిటంటే, తిమ్మిరెక్కిన కాలికి కాలుతున్నట్టు తెలియదు. మంటలో పెట్టినా హాయిగానే ఉంటుంది. ఆ పైన, రాత్రి కరిగిన కాలు పొద్దున్నే నడిస్తే మళ్ళీ గడ్డకడుతుంది. గడ్డకట్టడం, కరగడం, మళ్ళీ గడ్డకట్టడం: ఇదీ కాలిని తినేసేది. మంచుతో రుద్దితే లోపల సూదుల్లాంటి మంచు రవ్వలు కండను కోస్తాయి, పైన చర్మం ఊడుతుంది.

ఇప్పటి పద్ధతి: 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళలో ముంచి ఉంచాలి, చర్మం ఎర్రబడి మెత్తబడేదాకా. రుద్దకూడదు. బొబ్బలు చిదమకూడదు. ఆ అరగంట నొప్పి ఉంటుంది చూడండి, తూటా తగిలినా అరవనివాడు అమ్మా అని అరుస్తాడు. అరుస్తుంటే నాకు సంతోషం, నరం బతికుందన్నమాట. ఒక షరతు. మళ్ళీ చలిలో నడవాల్సి ఉంటే కరిగించవద్దు. గడ్డకట్టిన కాలితో నడిచి వచ్చినవాడికి కాలు దక్కవచ్చు, కరిగిన కాలితో నడిస్తే కష్టం. పై పోస్టులో ఇదే పెద్ద టెన్షన్. నీళ్ళు సిద్ధంగా ఉంటాయి, హెలికాప్టరు వస్తుందో రాదో తెలియదు. చీతా హెలికాప్టరు దిగి నిలబడేది క్షణాలే, ఆ లోపు ఎక్కించాలి. రాదనుకుని కరిగించకుండా ఉంచితే వచ్చేస్తుంది. వస్తుందనుకుని కరిగిస్తే మబ్బు కమ్ముతుంది.

మా వృత్తివాళ్ళ ముచ్చట ఇంకొకటి. చోసిన్ దగ్గర రాత్రిళ్ళు మైనస్ ముప్ఫై దాటిపోయేది. గాయపడ్డవాళ్ళకి ఎక్కించాల్సిన ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, సీసాల్లోనే గడ్డకట్టేది. నొప్పి తగ్గించే మార్ఫిన్ చిన్న ట్యూబుల్లో ఉండేది, అదీ గట్టిపడిపోయేది. అక్కడి మెడికల్ కుర్రాళ్ళు ఆ ట్యూబుల్ని బుగ్గలో పెట్టుకుని తిరిగేవాళ్ళు, ఎవడికి ఎప్పుడు కావాల్సి వస్తుందో అని. నేను మందు సీసాలు చంకలో పెట్టుకుని పడుకున్నవాణ్నే, బుగ్గ ఆలోచన మాత్రం నాకు రాలేదు. అదే చలి కొందరికి మేలూ చేసింది. గాయం మీద రక్తం వెంటనే గడ్డకట్టి ప్రాణం నిలిచినవాళ్ళున్నారు.

ప్రశ్న: సినిమాల్లో మంచులో దడదడా కాలుస్తూనే ఉంటారు. నిజంగా తుపాకులు పేలతాయా?

జవాబు: పసిపిల్లలా చూసుకుంటే పేలతాయి. మామూలు నూనె ఆ చలికి బంక అవుతుంది, బోల్టు కదలదు. కాబట్టి నూనె తుడిచేసి దాదాపు పొడిగా ఉంచాలి. కొత్తవాడు చేసే తప్పు, తుపాకీని ప్రేమగా వెచ్చటి గుడారంలోకి తెచ్చుకోవడం. చల్లటి ఇనుము మీద గుడారంలోని ఆవిరి చెమ్మలా పడుతుంది, బయటికి తీసుకెళ్ళగానే అది మంచై లోపలి భాగాలన్నీ అతుక్కుంటాయి. తుపాకీ చలిలోనే ఉండాలి, బయట కప్పి ఉంచాలి. ఉత్త చేత్తో ముట్టుకుంటే చర్మం దానికే అంటుకుపోతుంది. ఆర్డెన్స్‌లో రైఫిల్ బోల్టు బిగుసుకుంటే దాని మీద మూత్రం పోసి వదులు చేసుకునేవాళ్ళమని అక్కడివాళ్ళు ఎంతమంది చెప్పుకున్నారో! నవ్వకండి, పొయ్యి లేనప్పుడు సిపాయి దగ్గర ఉన్న వేడినీళ్ళు అవే. మా దగ్గర కిరోసిన్ స్టవ్ ఉండేది. 1987 జూన్‌లో, జూన్ అని గమనించండి, నాయబ్ సుబేదార్ బాణా సింగ్ దళం సియాచిన్ దగ్గర 21,000 అడుగుల ఎత్తున ఉన్న శిఖరాన్ని పట్టుకుంది. పరమవీరచక్ర తెచ్చిపెట్టిన ఆ పోరులోనూ చలికి తుపాకులు మొరాయించాయి.

చలిని చుట్టంలా వాడుకున్నవాళ్ళు ఫిన్‌లాండ్‌వాళ్ళు. 1939 నవంబరు 30న సోవియట్ సైన్యం వాళ్ళ మీదికి వచ్చింది, 105 రోజుల యుద్ధం. సిమో హైహా అనే రైతు సిపాయి మామూలు రైఫిల్‌తో, దుర్బీను బిగించుకోకుండా, 500 మందికి పైగా శత్రువుల్ని కాల్చాడంటారు. దుర్బీను అద్దం చలికి మసకబారుతుంది, పైగా తల ఇంకాస్త ఎత్తాలి. ఆయన నోట్లో మంచుముద్ద పెట్టుకునేవాడు, ఊపిరి ఆవిరి పైకి లేవకుండా. గొట్టం ముందు మంచుని అదిమి గట్టిపరిచేవాడు, కాల్చినప్పుడు పొడి ఎగరకుండా. 1940 మార్చి 6న దవడ ఎగిరిపోయేలా తూటా తగిలింది. స్పృహ వచ్చింది మార్చి 13న, యుద్ధం ఆగిన రోజున! 2002 దాకా బతికాడు. ఆయన మీద నాకు భక్తి ఏమీ లేదు, అవతల పడ్డవాళ్ళూ సిపాయిలే. కానీ నోట్లో మంచుముద్ద పెట్టుకుని గంటలు పడుకోవడం అంటే ఏమిటో పళ్ళు జివ్వుమన్నవాళ్ళకే తెలుస్తుంది.

ఫిన్‌లాండ్‌వాళ్ళు ఇంకో పని చేశారు. రోడ్డు మీద బారులు తీరిన సోవియట్ సేనల్ని ముక్కలు ముక్కలుగా విడగొట్టి, ముందుగా వంట బళ్ళ మీద దెబ్బ వేసేవాళ్ళు. వేడి తిండి లేనివాడు రెండు రాత్రుల్లో మంట వేసుకుంటాడు. మంట వేసుకున్నవాడు కనబడతాడు. తమవాళ్ళు మాత్రం విడతల వారీగా వెనక్కి వెళ్ళి పొయ్యి ఉన్న గుడారంలో పడుకునేవాళ్ళు, వీలైన చోట ఆవిరి స్నానం కూడా. స్నానం చేసే సైన్యం గెలుస్తుందని నాకో సిద్ధాంతం ఉంది, మీరు ఒప్పుకోనక్కర్లేదు.

ప్రశ్న: అంత చలిలో ఆకలి బాగా వేస్తుందా? ఏం తింటారు?

జవాబు: చలికి ఆకలి వేస్తుంది, ఎత్తుకి చస్తుంది. గ్లేసియర్ మీద ఎత్తే గెలిచింది. డబ్బా మూత తీస్తేనే వాంతి వచ్చేది. నారింజపండు క్రికెట్ బంతి, గుడ్డు గోళీ. చాక్లెట్టుని సుత్తితో కొట్టి ముక్కలు పంచుకునేవాళ్ళం. దాహం వేయదు కానీ ఊపిరితోనే ఒంట్లో నీరంతా పోతుంది. కాబట్టి రోజంతా స్టవ్ మీద మంచు కరిగించడమే పని. గిన్నెడు మంచు కరిగితే అడుగున నాలుగు గుక్కలు. ఆ కిరోసిన్ పొగకి ఉమ్మితే నల్లగా పడేది. ‘తిన్నావా’ అని ఇంట్లో అడిగినట్టు ‘తాగావా’ అని ఒకరినొకరు అడిగేవాళ్ళం, మూత్రం రంగు ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళం. సిగ్గు మొదటి వారంలోనే పోతుంది.

చోసిన్ దగ్గర డబ్బా తిండి మధ్యలో గడ్డకట్టే ఉండేది. అలాగే తినేసి విరేచనాలు పట్టుకున్నవాళ్ళెందరో. ఐదు పొరల బట్టలు విప్పుకునేలోపు జరగాల్సింది జరిగిపోయేది. అక్కడి సిపాయిల్ని నిలబెట్టింది టూట్సీ రోల్ అనే మిఠాయి. రేడియోలో మోర్టారు గుండ్లకి అదే మారుపేరట, అడిగితే విమానం నిజం మిఠాయిలే జారవిడిచిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. బుగ్గలో కరిగించుకుని తిన్నారు, తూటా తగిలి కారుతున్న రేడియేటర్లకి నమిలి అంటించారు. అంటించగానే గడ్డకట్టి బిరడా అయ్యేదట.

ప్రశ్న: రమ్ము తాగితే వెచ్చగా ఉంటుంది కదా?

జవాబు: ఉంటుంది, పావుగంట. మద్యం చర్మం కింది రక్తనాళాల్ని తెరుస్తుంది. లోపలి వేడి పైకొచ్చి బయటికి పోతుంది. వెచ్చగా అనిపించేది మీరు పోగొట్టుకుంటున్న వేడే. సోవియట్ సైన్యం 1941 నుంచి ముందు వరసలో ఉన్నవాడికి రోజుకి 100 గ్రాముల వోడ్కా ఇచ్చింది, మా సైన్యంలోనూ రమ్ము ఉంది. అది ధైర్యానికి. కాపలాకి వెళ్ళే ముందు తాగినవాణ్ని నేను కాపలాకి పంపనిచ్చేవాణ్ని కాదు. ఈ విషయంలో నాతో పోట్లాడనివాడు లేడు.

ప్రశ్న: 1962 చైనా యుద్ధంలో మనవాళ్ళు చలిబట్టలు లేకనే ఓడారని కొందరు, కాదని కొందరు. మీరేమంటారు?

జవాబు: ఓటమికి కారణాలు పెద్దవాళ్ళు తేల్చాలి. నాకు తెలిసింది బట్టల సంగతి. అక్టోబరులో నామ్కా చూ వాగు ఒడ్డున నిలిపిన 7వ బ్రిగేడ్‌లో చాలామందికి నూలు యూనిఫాం, కాన్వాసు బూట్లు, మనిషికి ఒక దుప్పటి. తలా యాభై తూటాలు. అది పోరాడే ఏర్పాటు కాదు.

నన్ను వదలని చోటు వేరే ఉంది. లడఖ్‌లో రెజాంగ్ లా. 1962 నవంబరు 18 తెల్లవారుజామున 13 కుమావూన్ చార్లీ కంపెనీ, మేజర్ షైతాన్ సింగ్, 120 మంది. మధ్యలో కొండ అడ్డం, వెనక ఉన్న మన ఫిరంగులు సాయం చేయలేవు. 110 మందికి పైగా అక్కడే ఉండిపోయారు. మంచు కప్పేసింది. మూడు నెలల తర్వాత వెళ్ళి చూస్తే కందకాల్లో ఎక్కడివాళ్ళక్కడే, చేతుల్లో తుపాకులతో. వాళ్ళలో మా వాడొకడు, నర్సింగ్ అసిస్టెంటు. ఒక చేతిలో సిరంజి, ఒక చేతిలో బ్యాండేజి. మంచు మనిషిని ఏ పనిలో ఉన్నవాణ్ని ఆ పనిలోనే దాచిపెడుతుంది. ట్రైనింగులో ఈ సంగతి మొదటిసారి విన్న రోజు క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. నేను మాత్రం ఒకటే ఆలోచించాను: ఆ సిరంజిలో మందు గడ్డకట్టకుండా ఆ ఎత్తులో ఎలా కాపాడుకున్నాడు?

ప్రశ్న: పోయిన నెల మీరు చైనా సైనికుల కష్టాల గురించి కూడా జాలిగా రాశారు. ఒక మాజీ సైనికుడు అలా రాయడం నాకు నచ్చలేదు.

జవాబు: నచ్చకపోవడం మీ హక్కు. నేను రాసింది మళ్ళీ రాస్తాను. చోసిన్ దగ్గర అమెరికన్లకి ఎదురు నిలిచిన చైనా 9వ ఆర్మీ గ్రూపును తూర్పు చైనా నుంచి హడావిడిగా రైళ్ళెక్కించారు. చాలామందికి పల్చటి దూది కోట్లు, కాన్వాసు బూట్లు. దాదాపు 30,000 మంది చలికి దెబ్బతిన్నారు. పొంచి ఉండమంటే ఉన్నారు, దాడి వేళకి లేవలేదు. కంపెనీలకు కంపెనీలే తుపాకీ గురిపెట్టినట్టే గడ్డకట్టి కనిపించాయి. మంచుకి ఏ దేశమో తెలియదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆల్ప్స్ కొండల మీద, 1916 డిసెంబరు 13న, మర్మొలాడా శిఖరం కింద ఆస్ట్రియా బ్యారక్ మీద మంచు విరిగిపడి 270 మంది దాకా పోయారు, తూటా పేలలేదు. 2012 ఏప్రిల్ 7న సియాచిన్ అవతలి వైపు గయారీలో పాకిస్తాన్ సైనిక శిబిరం మంచు కింద పడింది, 140 మంది. 2016 ఫిబ్రవరి 3న మన సోనం పోస్టు మీద పడింది, పది మంది. వాళ్ళలో లాన్స్ నాయక్ హనుమంతప్ప ఆరు రోజులు మంచు కింద ఊపిరితో ఉండి, బయటికి తీశాక కన్నుమూశాడు.

గయారీ వార్త వచ్చినప్పుడు మాతో గ్లేసియర్ చేసినవాళ్ళంతా ఫోన్లు చేసుకున్నాం. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మీకు కోపం వస్తే రానివ్వండి.

ప్రశ్న: మా ఆయన గ్లేసియర్ డ్యూటీ చేసి సెలవు మీద వచ్చి నెల దాటింది. పగలు బాగానే ఉంటారు. రాత్రి రెండు మూడుసార్లు లేచి నా కాళ్ళు, పిల్లాడి కాళ్ళు తడిమి చూస్తున్నారు. అడిగితే ఏం లేదంటారు. భయంగా ఉంది. (పేరు రాయవద్దని కోరిన ఒక సోదరి)

జవాబు: అమ్మా, భయపడకు. పోస్టులో రెండు గంటలకోసారి పక్కవాణ్ని లేపుతాం. ఒకటి, ఊపిరి ఆడుతోందా అని. ఆ ఎత్తులో నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది. రెండు, కాలివేళ్ళు. లేపకపోతే తెల్లారి లేవడేమోనన్న భయం అందరికీ ఉంటుంది. మూడు నెలలు ఇదే చేసిన చెయ్యి నెలలో మానేయదు. నేను వచ్చిన కొత్తలో మా అమ్మ కాళ్ళు కూడా చూశాను.

అలవాటుకీ జబ్బుకీ తేడా ఉంది, అదీ చెప్తాను. నిద్ర రోజుకి మూడు నాలుగు గంటలకి పడిపోయినా, చిన్న చప్పుడుకే చెయ్యి లేస్తున్నా, తాగుడు పెరిగినా, పిల్లాడితో మాట్లాడటం మానేసినా ఆలస్యం చేయకు. దగ్గర్లోని మిలిటరీ ఆస్పత్రిలో సైకియాట్రీ విభాగం ఎక్కడుందో కనుక్కో, నువ్వే వెంట వెళ్ళు. ‘నీకు పిచ్చి’ అన్నట్టు కాకుండా ‘నిద్రకి చూపిద్దాం’ అను. ఎత్తులో ఉండి వచ్చినవాళ్ళకి మతిమరుపు, చిరాకు కొన్నాళ్ళు ఉంటాయి, వాటికి కోపం తెచ్చుకోకు. ఆయనతో పనిచేసిన బడ్డీ ఉంటాడు, పేరు అడుగు, ఆ కుర్రాణ్ని ఒకసారి ఇంటికి పిలవండి. నీతో చెప్పనివి వాడితో చెప్పుకుంటాడు. నువ్వు వంటింట్లో ఉండిపో, వినబడినా విననట్టు ఉండు.

ఈ రాత్రి ఆయన నీ కాలు పట్టుకున్నప్పుడు వెనక్కి లాక్కోకు, దీపం వేయకు. వేళ్ళు కదిపి, ‘ఆడుతున్నాయి, వెచ్చగానే ఉన్నాయి’ అని చెప్పు. పోస్టులో మేం చెప్పుకునేది ఆ మాటే, అది వినేదాకా పక్కవాడు పడుకోడు. మా ఆవిడకి ఆ మాట పట్టుబడటానికి వారం పట్టింది. నిద్రమత్తులో ఇప్పటికీ అంటుంది.